ఆఖరున నిలబడే రోమోళ్ళు

దగ్గరికి జరగండి. ఫ్యాను కింద కూర్చుంటే దాని చప్పుడులో నా మాట సగం కొట్టుకుపోతుంది, ఇటు గడప వైపు వచ్చి కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే ముందు దింపేసి రండి. ఇది మధ్యలో లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి వినే సంగతి కాదు. బడికి నేను వెళ్ళింది తక్కువ. రాయడమంటే నాకు కందిపప్పులో రాళ్ళు ఏరినంత నిదానం. కానీ విన్న మాట మర్చిపోవడం మాత్రం చేతకాదు. మా నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు, మా అత్తగారు అన్నది అన్నట్టు, నా కొడుకు నవ్వింది నవ్వినట్టు నాలోనే ఉండిపోయాయి. చెప్పుకోకపోతే ఊపిరాడదు.

ఇది కళ్ళ సంగతి. నా కొడుకు కళ్ళ సంగతి.

మా పుట్టిల్లు కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఒక పాలెం. ఊరి చుట్టూ వరిచేలు, చేలు దాటితే ఉప్పునేలలు, వాటి అవతల ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్లు. పాలెంలో అందరం కూలి చేసుకునేవాళ్ళమే, అందరం ఆర్.సి.ఎం. వాళ్ళమే. మా వైపు కొత్తగా ఎవరు కలిసినా "మీరే మిషను?" అని అడుగుతారు. ఒకళ్ళు లూథరను అంటారు, ఒకళ్ళు బాప్టిస్టు అంటారు, మేము ఆర్.సి.ఎం. అంటాం. రోమన్ కేథలిక్ మిషన్ అని మా బడి గోడ మీద నల్ల అక్షరాలతో రాసి ఉండేది. మిగతా ఊళ్ళలో అది మిషను పేరు. మా ఇంట్లో మాత్రం అది వంశం పేరు.

"రోమన్ అంటే ఎవరనుకున్నావే? మనవే," అనేది నాయనమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. "బడి గోడ మీద మన పేరే రాశారు, చూళ్ళేదూ?"

ఆవిడ చెప్పిన కథ ఇది. ఏసుప్రభువు ఇంకా పుట్టాడో లేదో అన్న రోజుల్లో రోమాపురి నుంచి మన తీరానికి ఓడలు వచ్చేవట. మన సన్నబట్టల కోసం, మిరియాల కోసం. అలా వచ్చిన ఒక ఓడ ఏటి మొగలో ఇసుకమేట ఎక్కి విరిగిపోయింది. బంగారం పోయింది, సారా కుండలు పోయాయి, మనుషులు పోయారు. ఒకే ఒక్కడు కుండ ఒకటి కావలించుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పీతల కోసం వెళ్ళిన మా ముత్తవ్వల ముత్తవ్వ అతన్ని చూసింది.

"ఒంటి మీద గుడ్డ లేదు, నోట్లో మాట లేదు. ఉన్నయ్యల్లా రెండు కళ్ళే. పిల్లికళ్ళు. ఆ కళ్ళేసుకుని చూస్తా ఏడిచాడంట. జాలేసి గంజి పోసింది. నంజుకోటానికి పచ్చిమిరపకాయ ఇస్తే కొరికి మళ్ళీ ఏడిచాడంట. అట్టా ఏడ్చేవోణ్ణి ఒదిలి ఎట్టా పోద్ది? ఇంటికి తెచ్చుకుంది."

ఇక్కడికి రాగానే నాయనమ్మ చేట పక్కన పెట్టేది. గొంతు తగ్గించేది.

"సముద్రం అన్నీ తీసేసుకుంది. కళ్ళొకటీ ఒదిలేసింది. అయ్యే మన ఆస్తి. మనింట్లో ఎవురో ఒకళ్ళకి అయ్యి వస్తానే ఉంటయ్యి. పోయినోళ్ళ కళ్ళు మట్టిలో కలవ్వు, ఇంకోళ్ళ మొహాన తెరుచుకుంటయ్యి."

ఆవిడ కాలంలో ఆ కళ్ళు మా పెదనాన్నకి వచ్చాయి. నల్లటి మొహంలో ఆ కళ్ళు, చీకటి గదిలో కిటికీ తెరిచినట్టు ఉండేవి. నాట్లు వేసేచోట అందరూ ఆయన్ని ఏడిపించేవాళ్ళు. "ఏం దొరా, మీ ఓడ ఎప్పుడొస్తది? మమ్మల్ని కూడా ఎక్కిచ్చుకుంటావా?" ఆయన నడుం ఎత్తకుండానే, "ఎక్కిచ్చుకుంటా, టిక్కెట్టు కొనుక్కో," అనేవాడు.

ఒకసారి మా గుడికి కొత్తగా వచ్చిన ఫాదర్ గారు (చర్చిని మేము గుడి అనే అంటాం) ఈ కథ విని నవ్వారు. రోమన్ అన్నది మతానికి వచ్చిన పేరే కాని మనుషులు అక్కడివాళ్ళని కాదమ్మా, రోములో పోపుగారు ఉంటారు కాబట్టి అలా అంటారు అని ఎంతో ఓపిగ్గా చెప్పారు. నాయనమ్మ చేతులు కట్టుకుని అంతా విన్నది. ఇంటికి వచ్చాక, "పాపం ఆయనది కేరళ. మన సంగతి ఆయనకేం తెలుసు?" అంది.

రోమన్లం అనుకోవడంలో గొప్ప ఒక్కటే లేదండీ, సిగ్గు కూడా ఉంది. ప్రభువు చేతుల్లో మేకులు దిగ్గొట్టింది రోమా సైనికులే కదా. అందుకని మంచి శుక్రవారం నాడు సిలువను ముద్దు పెట్టుకోవడానికి జనమంతా వరసలో నిలబడితే, మా ఇంటి వాళ్ళం ఆఖరున నిలబడేవాళ్ళం. ఎవరూ మమ్మల్ని నిలబడమనలేదు. "కొట్టింది మనోళ్ళు. దెబ్బతిన్నోడి దగ్గరికి ముందు పరిగెత్తుకుంటా పోతారా ఎవురన్నా?" అనేది నాయనమ్మ. ఊరంతా ముద్దు పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ మా పక్కనుంచి వెనక్కి వచ్చేవాళ్ళు. అందరి మొహాలూ చూసి, చిట్టచివరికి మేము తలవంచుకుని వెళ్ళేవాళ్ళం. మా పెదనాన్న అయితే సిలువ దగ్గర కళ్ళు మూసుకునేవాడు. ఆ కళ్ళు ప్రభువుకి కనపడకూడదని.

నన్ను బెజవాడ ఇచ్చారు. మా ఆయనది ఆటోనగర్‌లో లారీల కింద కమాన్‌కట్టలు మార్చే పని. ఆటోనగర్ వెనకే రెండు గదుల ఇల్లు, ఇంట్లో మా అత్తగారు. ఆవిడ నోరు మంచిది కాదు, మనసు మంచిది అని అందరూ అనేవాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నోరే కనపడింది, మనసు కనపడలేదు.

నా కొడుకు పుట్టాడు. పసిపిల్లల కళ్ళ రంగు మొదట్లో తెలియదు కదా. కొంచెం తెప్పరిల్లి వెలుతురుకేసి చూడ్డం మొదలుపెట్టాక, మా అత్తగారు వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని గుమ్మంలో నీళ్ళు పోస్తూ ఆగిపోయింది. చెంబు కింద పెట్టింది.

"ఏవే, ఈడి కళ్ళేంటే ఇట్టా ఉన్నయ్యి?"

"మా పుట్టింటి కళ్ళండీ అత్తయ్యా."

"మీ నాన్నయి నల్లగానే ఉన్నయ్యిగా. నీయ్యి నల్లయ్యే. మా వంశంలో చెప్పులు కుట్టినోళ్ళున్నారు, రాళ్ళు కొట్టినోళ్ళున్నారు గానీ పిల్లికళ్ళోళ్ళు లేరు. ఎవురి కళ్ళే ఇయ్యి?"

ఆ మాట గోడలు దాటింది. పంపు దగ్గర ఆడవాళ్ళు నేను బిందె పట్టుకుని వెళ్తే మాట ఆపేసేవాళ్ళు. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధయింది. అన్నం తినేవాడు, పిల్లాడి మొహంలోకి ఓసారి చూసేవాడు, పనికి వెళ్ళిపోయేవాడు.

మా నాన్నకి కబురు పంపాను. ఆయన బస్సు దిగి, చంకలో ఓ పీతల బుట్టతో వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా ఓడ కథ మొదలుపెట్టాడు. పంపు దగ్గరి వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. ఇసుకమేట, సారా కుండలు, గంజి, మిరపకాయ అన్నీ చెప్పాడు. పెదనాన్న సంగతి చెప్పాడు. మా అత్తగారు గుమ్మానికి ఆనుకుని ముక్కు మీద వేలు వేసుకుని విన్నది.

"అయితే అన్నయ్యగారూ, మేవూ ఆర్.సి.ఎం. వోళ్ళవే. మేవూ రోమోళ్ళవేనా?"

"మీరు జ్ఞానస్నానంతో రోమోళ్ళు చెల్లెమ్మా. మేం నెత్తురుతో రోమోళ్ళం."

పంపు దగ్గరి వాళ్ళు నవ్వారు. మా అత్తగారికీ నవ్వు ఆగలేదు. అయినా ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. మా ఆయన్ని వెంటబెట్టుకుని మా పాలెం వెళ్ళింది. మంచంలో ఉన్న మా పెదనాన్న గడ్డం పట్టుకుని మొహాన్ని ఎండకేసి తిప్పి చూసింది. సాయంత్రానికి తిరిగి వచ్చి, చెప్పులు విప్పుతూనే పిల్లాణ్ణి నా ఒళ్ళోంచి లాక్కుంది.

"రోము నించి ఎంత దూరవొచ్చావురా నాయనా! అలిసిపోయావా? పాలు తాగావా?"

అంతే. ఆ రోజు నుంచి వాడు ఆవిడ మనవడు, నేను మధ్యలో ఎవరో. మా ఆయన ఆ వేళ మల్లెపూలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్క ఓడ మునిగి నా కాపురం నిలబెట్టిందని అప్పుడు అనుకున్నాను.

వాడు మాటలు నేర్చాక మొదట చేసిన పని ఆ కథలో తప్పులు వెతకడం. బడి నుంచి వచ్చి, "అమ్మా, ఆ రోజుల్లో మన దేశంలో మిరపకాయే లేదంట. మా టీచర్ చెప్పింది," అన్నాడు. మా అత్తగారు అందుకుంది: "లేకపోతే మిరియం పెట్టుంటది. కూర లేకుండా గంజి పోస్తదా ఏంటి, మనింటి ఆడది?"

మంచి శుక్రవారం నాడు నేను బెజవాడ గుడిలో కూడా ఆఖరునే నిలబడేదాన్ని. వాడు నా చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. మా అత్తగారు ముందుకు వెళ్తూ ఊరికే ఉండేది కాదు. "మేకులు కొట్టినోళ్ళు ఎనక రండి, మేం ముందు పోతన్నాం," అని చెవిలో పడేసి పోయేది. ఒకసారి వాడు అడిగాడు.

"అమ్మా, మన తాత ఓడెక్కి ఇక్కడికొచ్చేశాడు కదా. మరి మేకులు ఎట్టా కొట్టాడు?"

"ఆయన కొట్టలేదు నాన్నా. ఆయన అన్నదమ్ములెవరో కొట్టుంటారు."

"అన్నదమ్ములు కొడితే మనకేంటి?"

"అన్నదమ్ములే కదరా మరి."

వాడు సిలువ దగ్గరికి వెళ్ళినప్పుడు మేకు ఉన్న చోట ముద్దు పెట్టుకుని, "సారీ," అన్నాడు. అంత పెద్దవాడయ్యాక కూడా అక్కడే పెట్టుకునేవాడు. అనేవాడో లేదో తెలియదు, పెదాలు మాత్రం కదిలేవి.

చదువు పదితో ఆగింది. లారీలకి రంగులు వేసే పనిలో చేరాడు. చెయ్యి మంచిది. ఆటోనగర్‌లో వాడి పేరు ఎవరికీ తెలియదు, "రోమ్" అంటే చాలు చూపించేవాళ్ళు. లారీ వెనక తలుపు మీద నెమలి వెయ్యాలన్నా, అద్దం పైన గులాబీలు వెయ్యాలన్నా రోమ్‌ని పిలవమనేవాళ్ళు. సాయంత్రం ఇంటికి వస్తే చెవుల వెనక ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. మా అత్తగారు కొబ్బరినూనె పెట్టి తుడిచేది. "పెళ్ళి చెయ్యాలే ఈడికి. నేను పోయేలోపు ఇంకో జత కళ్ళు చూడాల," అనేది. సంబంధాలు చూస్తూనే ఉన్నాం.

ఒక ఆదివారం వంటింటి కిటికీ తలుపులు వెలిసిపోయాయి, కాస్త రంగు వెయ్యరా అన్నాను. ఏ రంగు అన్నాడు. నీ ఇష్టం అన్నాను. పాత లారీ అద్దం ఒకటి తెచ్చి నా చేతికిచ్చి, "కదపకుండా పట్టుకో అమ్మా," అన్నాడు. అందులో చూసుకుంటూ డబ్బా మూత మీద రంగులు కలపడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ కాస్త, పసుపు కాస్త. మరీ ఆకులా ఉందని ఇంకాస్త పసుపు. మరీ నిమ్మకాయలా ఉందని, ఇనుముకి వేసే ఎర్ర రెడాక్సైడ్ ఒక చుక్క. అద్దంలోకి చూడ్డం, మూత మీదికి చూడ్డం. నాకు చేతులు లాగేస్తున్నాయి.

"వంట చేసుకోవాల్రా."

"ఉండమ్మా. రోము నించి రంగు రావాలంటే టైం పట్టదా?"

చివరికి దొరికింది. అచ్చం అదే. కిటికీ తలుపులకి వేశాడు. "ఇంక నేను పనికి పోయినా నువ్వు వండుకుంటా ఉంటే చూస్తా ఉంటా. ఉప్పెక్కువేస్తే చెప్తా," అన్నాడు.

ఇక్కడ నన్ను కాస్త ఆగనివ్వండి.

లారీ కేబిను పైన పలక వేసుకుని నిలబడి రంగు వేస్తున్నాడు. మధ్యాహ్నం భోజనాలకి అందరూ దిగారు. ఈ కాస్తా పూర్తిచేసి వస్తానన్నాడట. పలక జారింది. ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పైనా ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. తల నేలకి తగిలింది. ఆసుపత్రిలో మిషన్లు పెట్టారు. మా ఆయన వరండాలో గోడకేసి తిరిగి కూర్చున్నాడు. నేను వాడి చెవి వెనక చూశాను. నీలం రంగు ఉంది. నూనె లేదే తుడవడానికి అనుకున్నాను. అప్పటికి వాడు పోలేదని అనుకుంటూనే ఉన్నాను.

పోయాడని డాక్టరు గారు చెప్పాక, తెల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. చిన్నపిల్ల. దానికీ చెప్పడం కష్టంగానే ఉన్నట్టుంది.

"అమ్మా, ఈ టైములో అడక్కూడదు. కానీ ఆలస్యమైతే పనికిరావు. అన్నయ్య కళ్ళు దానం చేస్తారా? చూపు లేనివాళ్ళకి పనికొస్తాయి."

నాకు వేరే ఏ మాటా వినపడలేదు. కళ్ళు అన్న మాట ఒక్కటే వినపడింది. పోయినోళ్ళ కళ్ళు మట్టిలో కలవ్వు, ఇంకోళ్ళ మొహాన తెరుచుకుంటయ్యి. నాయనమ్మ చేట పక్కన పెట్టి అన్నట్టే వినపడింది.

"ఎవరికి వేస్తారమ్మా? ఈ చుట్టుపక్కల వాళ్ళకేనా?"

"ఎవరికన్నది చెప్పకూడదమ్మా. కానీ చాలావరకు ఈ వైపు వాళ్ళకే."

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. వాణ్ణి ఇంకా కొయ్యొద్దు అన్నాడు. అప్పుడు మా అత్తగారు, ఒకప్పుడు ఎవురి కళ్ళే ఇయ్యి అని అడిగిన మనిషి, కర్ర పొడుచుకుంటూ లేచి కొడుకు ముందు నిలబడింది.

"ఇవ్వరా. సముద్రవే ఒదిలేసింది ఆ కళ్ళని. నువ్వు మట్టిలో పెడతావా?"

ఇచ్చాం. తిరిగి మాకు ఒప్పగించినప్పుడు రెప్పలు మూసి ఉన్నాయి, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. సమాధి దగ్గర అందరూ ఏడుస్తుంటే నేను కాస్త గట్టిగానే నిలబడగలిగాను. ఎందుకంటే నా మనసులో ఒక లెక్క ఉంది. వాడు ఇక్కడ పడుకున్నాడు గానీ వాడి కళ్ళు లేచి తిరుగుతున్నాయి. ఎక్కడో ఒకచోట నాకు ఎదురొస్తాయి. ఎవరి మొహంలో ఉన్నా నేను గుర్తుపడతాను.

అప్పటినుంచి మొదలుపెట్టాను వెతకడం.

దిండు గలీబులు కుట్టి అమ్ముతుంటాను, గుడ్డ కోసం వన్ టౌన్ వెళ్తాను. మునుపు గుడ్డ చూసేదాన్ని, ఇప్పుడు మొహాలు చూసేదాన్ని. తోపుడుబళ్ళ వాళ్ళు, మూటలు దించేవాళ్ళు, కొట్లలో గుమాస్తాలు, అందరి కళ్ళూ. ఒకాయన కోప్పడ్డాడు కూడా: "ఏంటమ్మా అట్టా గుచ్చి గుచ్చి చూస్తావు, బాకీ ఉన్నట్టు?" ఇంటికి రాగానే మా అత్తగారు మంచంలోంచే అడిగేది.

"కనపడ్డాడా?"

"లేదత్తయ్యా."

"సరిగ్గా చూశావా? ఆడోళ్ళకి కూడా వేసుండొచ్చు. పిల్లలకి కూడా వేసుండొచ్చు."

"చూశానత్తయ్యా."

"రేపు బస్టాండులో చూడు."

ఒకసారి మా పుట్టింటి వాళ్ళ పెళ్ళికి ఏలూరు వైపు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగింది. జామకాయల గంప ఎత్తుకుని ఒకావిడ కిటికీ దగ్గరికి వచ్చింది. తల ఎత్తింది. అవే కళ్ళు. నేను బస్సు దిగేశాను.

"ఎప్పుడేశారమ్మా నీకు?"

"ఏంటండీ?"

"కళ్ళు. ఈ కళ్ళు నీకెవరిచ్చారు తల్లీ?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మా అమ్మ ఇచ్చింది. ఇంకెవరిస్తారు? పుట్టుకతోనే ఉన్నయ్యి. జామకాయలు కావాలా, వద్దా పిన్నిగారూ? బస్సు కదుల్తంది."

జామకాయలు కొనుక్కుని బస్సెక్కాను. మా అమ్మ ఇచ్చింది అన్న మాట ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళి దాకా ఏడుస్తూనే వెళ్ళాను.

పోయిన వేసవికి ముందు నాకు కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నాను. కట్టు విప్పి చుక్కల మందు వేస్తున్న నర్సమ్మ మంచి మాటకారి. చూపు తేటపడగానే నేను మొదట దాని కళ్ళే చూశాను. నల్లవి. నవ్వొచ్చి అడిగాను, చచ్చిపోయినవాళ్ళ కళ్ళు తీసి వేస్తారు కదా, వేశాక ఆ కళ్ళు ఇచ్చినవాళ్ళ రంగులోనే ఉంటాయా, కొన్నాళ్ళకి మారతాయా అని.

"రంగు రాదు అమ్మమ్మా. కన్ను మొత్తం వెయ్యరుగా. పైన గాజులాంటి పల్చటి పొర ఉంటది, అదొక్కటే వేస్తాం. దానికి రంగేం ఉండదు, మంచినీళ్ళలాగుంటది."

"మరి రంగు?"

"రంగు దాని ఎనక ఉంటది. అది ఎవరికీ వెయ్యరు. వేయించుకున్నోళ్ళ కళ్ళు వాళ్ళ రంగులోనే ఉంటయ్యి."

"అయితే ఆ రంగు ఏమవుతుంది?"

ఆ పిల్ల మందుచుక్కల సీసా మూత పెడుతూ, ఎందుకు అడుగుతున్నానో తెలియక, మామూలుగానే అంది: "మనిషితో పాటే పోద్ది."

మనిషితో పాటే పోయింది. నేను ఎవరి మొహంలో వెతుకుతున్నానో వాళ్ళు నా పక్కనుంచి ఎన్నిసార్లు నడిచిపోయి ఉంటారో. నల్లకళ్ళతో. నేను నల్లకళ్ళు చూడగానే మొహం తిప్పేసుకునేదాన్ని. వాడి ద్వారా చూస్తున్నవాళ్ళనే చూడకుండా తిప్పేసుకున్నానేమో. వాళ్ళకి చూపు వచ్చింది, అది మంచిదే, కాదనను. కానీ నాకు కావలసింది ఆ రంగండీ. ఆ రంగు మట్టిలో ఉంది. మేమే దగ్గరుండి పెట్టాం.

ఆటోలో ఇంటికి వచ్చాను. నల్ల కళ్ళద్దాలు ఇచ్చారు, అవి తీసేసి వంటింటి కిటికీ ముందు నిలబడ్డాను. తాలింపు పొగ పట్టి, నూనె జిడ్డు పట్టి తలుపులు నల్లబడ్డాయి. సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి ఒక మూల తుడిచాను. అరచేయంత మేర రంగు బయటపడింది. కొత్తగా వచ్చిన చూపుతో చూస్తున్నాను కదా, అదిరిపోయాను. నన్నే చూస్తోంది.

వెనక గదిలోంచి గొంతు వినపడింది. "వచ్చావా? చూపు బాగుందా? ఆస్పత్రిలో చూశావా, అక్కడే ఉంటారే అట్టాంటోళ్ళు. కనపడ్డాడా?"

మా అత్తగారికి ఇప్పుడు చూపు బాగా మందగించింది. ఆవిడ మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని నర్సమ్మ చెప్పింది చెప్పినట్టే చెప్పాను. దాచలేకపోయాను, ఒక్కదాన్నే మొయ్యలేక. పొర సంగతి, నీళ్ళలా ఉండడం, రంగు రాకపోవడం అంతా చెప్పాను. ఇంక వెతకొద్దు అత్తయ్యా, కనపడవు అన్నాను.

ఆవిడ నా చెయ్యి విదిలించింది.

"నర్సుకేం తెలుసే?"

"అత్తయ్యా..."

"ఓడ మునిగితే మునగలేదు. ఇన్ని తరాలు మీ ఇంట్లో నల్లోళ్ళ కడుపున పుట్టినా పోలేదు. నీ కడుపు దాటి నా ఇంటికొచ్చినయ్యి. ఓ గాజుపొర దాటలేవా? పిచ్చిదానా. మీ నాయన ఎండలో కూచుని మంచినీళ్ళు తాగకుండా చెప్పిన కథని నువ్వు అబద్ధవంటావా?"

నమ్మని మనిషిని నమ్మించడానికి మా నాన్న అంత దూరం వచ్చాడు. ఆవిడ నమ్మింది. ఇప్పుడు నమ్మవద్దని చెప్పడానికి ఎవరున్నారు? మా నాన్న లేడు, పెదనాన్న లేడు. ఆ వంశంలో ఆ కథని ఇంకా పట్టుకుని ఉన్నది, ఆ వంశంలో పుట్టని ముసలావిడ ఒక్కతే.

మొన్న మంచి శుక్రవారం నాడు ఆవిడ గుడికి వస్తానని పట్టుబట్టింది. ఆటోలో ఎక్కించుకుని తీసుకువెళ్ళాం. మా ఆయన ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకున్నాం. సిలువను ముద్దు పెట్టుకునే వేళకి, పెద్దావిడ కదా అని జనం దారి ఇచ్చారు. ముందుకు రండి మామ్మగారూ అన్నారు. ఆవిడ కదల్లేదు. కర్ర నేలకి తాటించి, వెనక్కి తిరిగింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి ఆఖరున నా పక్కన నిలబడింది.

"మీరెందుకు అత్తయ్యా ఇక్కడ? మీరు ముందు వెళ్ళేవాళ్ళు కదా."

"నా మనవడు రోమోడు కాదటే?" అంది. "ఆడు ఇక్కడేగా నిలబడేవోడు."

జనం సిలువ దగ్గరికి వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ మా పక్కనుంచి వెనక్కి వస్తున్నారు. ఆవిడ మెడ సాచి ప్రతి మొహం దగ్గరా తల ముందుకు పెట్టి చూస్తోంది. ఆ చూపుకి మనుషులు నీడల్లా తప్ప కనపడరని నాకు తెలుసు. కాసేపటికి అలిసిపోయి నా మోచెయ్యి పట్టుకుంది.

"నాకు చూపు ఆనడం లేదే. కొత్త కళ్ళు పెట్టించుకున్నావుగా, నువ్వు చూడు. ఒక్కళ్ళని కూడా ఒదలకుండా చూడు."

"చూస్తున్నానత్తయ్యా."

"కనపడ్డాడా?"

ఎదురుగా వస్తున్న మొహాలన్నీ చూశాను. ఈసారి నల్లకళ్ళు చూసి కూడా మొహం తిప్పుకోలేదు. ఒక్కొక్కళ్ళనీ చూశాను, ఆవిడ కోసం.

"ఇంకా లేదత్తయ్యా. వరస అవలేదుగా."

"ఆఁ, అవనీ," అంది.

వరస అయిపోయింది. ఎప్పటిలాగే మేమే మిగిలాం. సిలువ దగ్గర ఆవిడ వంగలేకపోతే నేను పట్టుకున్నాను. తడుముకుంటూ మేకు ఉన్న చోటు వెతికి, అక్కడే ముద్దు పెట్టుకుంది. పెదాలు కదిలాయి. ఏమందో నేను అడగలేదు.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, లేవండి నాన్నా. మీ ఇంటి పొయ్యి ఆరకుండా ఉండాలి. మీ ఇంట్లో సాయంత్రం గడప తొక్కవలసినవాళ్ళంతా గడప తొక్కాలి. వాళ్ళ కళ్ళు ఏ రంగువైనా కానివ్వండి, అన్నం పళ్ళెం ముందు మీ కళ్ళూ వాళ్ళ కళ్ళూ కలుస్తూ ఉండాలి. అవి వెతుక్కునే పని మీ ఇంట ఎవ్వరికీ రాకూడదు. చల్లగా ఉండండి.